మెక్సికో జనాభా లెక్కలు ఇచ్చే ఇనేహి సైటు: ఏ అంకె ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ పప్పులో కాలేస్తాం

మెక్సికో జనంలో మూలవాసులు ఎంత శాతం? ఈ ఒక్క ప్రశ్నకు ఆ దేశ గణాంక సంస్థ ఇనేహి (INEGI) సైటులో ఒకచోట 6.1 అని, ఇంకోచోట 9.4 అని, మరోచోట 19.4 అని ఉంటుంది. మూడూ 2020 జనగణన అంకెలే, మూడూ సరైనవే. ఏ అంకె ఏ ప్రశ్న అడిగితే వచ్చిందో తెలిసినవాళ్లకు ఇంత మంచి సేవ ఉచితంగా దొరకడం అరుదు. అది తెలియకుండా మొదట కనబడ్డ అంకె పట్టుకుపోయేవాళ్లు మాత్రం తప్పు రాయడం ఖాయం. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, పత్రికలకు రాసేవాళ్లు, వికీపీడియా వ్యాసాలు దిద్దేవాళ్లు, భాషల మీద పనిచేసేవాళ్లు ఈ సైటును ఎలా వాడుకోవాలో చూద్దాం.

ముందు వివరాలు. ఇనేహి 1983లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం రాజధానిలో కాదు, అగ్వాస్‌కాలియెంతెస్ నగరంలో ఉంది. 2020 మార్చి 2 నుంచి 27 వరకు ఇంటింటికీ తిరిగి లెక్క తీసి, ఫలితాలను 2021 జనవరి 25న విడుదల చేశారు. మొత్తం జనాభా 12,60,14,024. అందులో స్త్రీలు 51.2 శాతం. రాష్ట్రాలు 32. వాటిలో పెద్దది మెక్సికో రాష్ట్రం, 1.7 కోట్ల మంది. చిన్నది కొలీమా, 7.3 లక్షలు. దేశం మొత్తానికి మధ్యస్థ వయసు 29 ఏళ్లు, కానీ మెక్సికో నగరంలో 35, చియాపాస్‌లో 24. ఒకే దేశంలో ఇంత తేడా ఉన్నప్పుడు దేశ సగటు ఒక్కటీ చెప్పి ఊరుకుంటే చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. రాష్ట్రాల పట్టిక తప్పకుండా తెరవాలి.

ఈ సేవకు డబ్బు కట్టక్కర్లేదు. ఫైళ్లు దింపుకోవడానికి ఖాతా కూడా అక్కర్లేదు. మూలం ఇనేహి అని పేర్కొంటే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు.

అన్నిటికంటే ముందు ఒకటి తెలుసుకోవాలి. 2020లో ప్రశ్నాపత్రాలు రెండు. పొట్టిది 38 ప్రశ్నలది, దేశంలో అందరినీ అడిగారు. పొడుగుది 103 ప్రశ్నలది, నమూనాగా ఎంచిన దాదాపు 40 లక్షల ఇళ్లలోనే అడిగారు. మూలవాసుల భాష వచ్చా అనేది, ఆఫ్రో మెక్సికన్‌గా, అంటే ఆఫ్రికా సంతతి మెక్సికన్‌గా, భావించుకుంటారా అనేది పొట్టి పత్రంలో ఉన్నాయి. అందుకే ఆ అంకెలు ఊరి స్థాయి దాకా దొరుకుతాయి. "మీ సంస్కృతిని బట్టి మిమ్మల్ని మీరు మూలవాసిగా భావిస్తారా" అన్న ప్రశ్న పొడుగు పత్రంలోనే ఉంది. అది నమూనా అంచనా కాబట్టి మునిసిపియోలకు, 50 వేలు, అంతకు పైబడిన జనాభా ఉన్న పట్టణాలకు మాత్రమే వస్తుంది. మునిసిపియో అంటే సుమారుగా మన మండలం లాంటి పాలనా విభాగం. అంతకంటే చిన్న ఊళ్లకు ఈ అంకె కోసం ఎంత గాలించినా దొరకదు.

ఇక సైటులో అసలే లేనిది జాతుల వారీ లెక్క. చాలామంది వెతికేది అదే. మెక్సికో జనగణనలో జాతి అడిగింది చివరిసారిగా 1921లో. అప్పుడు 59.3 శాతం మిశ్రమ సంతతి, 29.2 శాతం మూలవాసులు, 9.8 శాతం తెల్లవారు అని తేల్చారు. 1930 నుంచి ఆ ప్రశ్న ఎత్తేశారు. కాబట్టి గైడ్లలోనూ విదేశీ రిఫరెన్సు పుస్తకాల్లోనూ "మెస్తీసోలు (మిశ్రమ సంతతివాళ్లు) 62 శాతం" అని కనిపిస్తే అది జనగణన ఫలితం కాదని గుర్తుంచుకోవాలి. అది బయటివాళ్లు వేసిన అంచనా. దానికి మూలంగా ఇనేహిని చూపిస్తే తప్పు. ఒంటి రంగు గురించిన సమాచారం కావాలంటే ఇనేహి 2016లో తరాల మధ్య సామాజిక మార్పు మీద చేసిన సర్వే ఉంది. 25 నుంచి 64 ఏళ్ల వాళ్లకు 11 రంగుల పట్టీ చూపించి, మీ రంగు వీటిలో ఏదో మీరే చెప్పండని అడిగారు. అది విడి సర్వే, జనగణనతో కలపకూడదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మూడు అంకెల సంగతి.

6.1 శాతం భాషది. మూడేళ్లు, అంతకు పైబడిన వాళ్లలో మూలవాసుల భాష మాట్లాడేవాళ్లు 73,64,645 మంది. దీన్ని మొత్తం జనాభాతో భాగిస్తే 5.8 వస్తుంది, 6.1 రాదు. మూడేళ్లలోపు పిల్లల్ని ఈ ప్రశ్న అడగరు కాబట్టి భాగించాల్సింది మూడేళ్లు పైబడిన జనాభాతో, అంటే దాదాపు 12 కోట్లతో. వయసు చెప్పనివాళ్లు మొత్తం జనాభాలో కలుస్తారు గానీ ఈ 12 కోట్లలో ఉండరు. కాబట్టి మొత్తంలోంచి పసిపిల్లల్ని తీసేసి ఈ సంఖ్య మనమే తయారు చేసుకుందామంటే లెక్క తేలదు. ఫైల్లో మూడేళ్లు పైబడినవాళ్లకు విడిగా నిలువు వరుస ఉంది, దాన్నే వాడాలి.

9.4 శాతం ఇళ్లది. ఇంటిపెద్ద గానీ, ఆ పెద్ద భార్య లేదా భర్త గానీ మూలవాసుల భాష మాట్లాడితే ఆ ఇంట్లో ఉన్న అందరినీ, చంటిపిల్లలతో సహా, లెక్కలోకి తీసుకుంటారు. అలా 1.18 కోట్ల మంది. మనవలకు నహువాత్ల్ రాకపోయినా ఇంటిపెద్దగా ఉన్న అవ్వకు వస్తే మనవలూ ఇందులో ఉంటారు. అవ్వ ఇంట్లోనే ఉండి, ఇంటిపెద్దగా స్పానిష్ మాత్రమే వచ్చిన కొడుకు పేరుంటే, కోడలికీ ఆ భాష రాకపోతే, ఆ ఇల్లు మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. ఈ కొలత బలమూ బలహీనతా రెండూ ఇంటిపెద్దగా ఎవరి పేరు రాశారన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

19.4 శాతం మనిషి తన గురించి తాను చెప్పుకున్నది. మూడేళ్లు పైబడినవాళ్లలో 2.32 కోట్ల మంది తమను మూలవాసులుగా భావిస్తామన్నారు. వీళ్లలో భాష మాట్లాడేది 71 లక్షల మందే. తక్కిన 1.61 కోట్ల మందికి ఆ భాష రాదు. యుకతాన్ రాష్ట్రంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ భాష మాట్లాడేవాళ్లు 23.7 శాతం ఉంటే, మూలవాసులమని చెప్పుకునేవాళ్లు మూడింట రెండొంతుల దాకా ఉన్నారు. ఇంట్లో మాయా భాష తగ్గిపోయినా మాయా అన్న గుర్తింపు నిలిచిందన్నమాట. ఈ ఒక్క విషయం అర్థం కావాలంటే మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకోవాలి. సైటు మాత్రం వాటిని మూడు వేర్వేరు చోట్ల పెట్టింది. దీని మీద మాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. రాష్ట్రాల వారీగా మూడు అంకెలూ ఒకే పట్టికలో ఇచ్చి ఉంటే సగం తప్పులు తగ్గేవి.

ఇందులోనే ఇంకో గుంట ఉంది. మూలవాసులమని చెప్పుకున్నవాళ్లు 2010లో 1.57 కోట్లు, 2015లో 2.57 కోట్లు, 2020లో 2.32 కోట్లు. అయిదేళ్లలో కోటి మంది పెరిగి, తర్వాతి అయిదేళ్లలో పాతిక లక్షల మంది తగ్గడం జననమరణాల వల్ల జరిగేది కాదు. 2015 సర్వేలో జవాబుకు "అవును", "కొంతవరకు అవును", "కాదు", "తెలియదు" అని నాలుగు గళ్లు ఉన్నాయి. అన్ని వయసులవాళ్లనూ లెక్కించారు. 2020లో మూడేళ్లు పైబడినవాళ్లకు అవును, కాదు అంతే. ప్రశ్నలోని మాటలు, ఎవరిని అడిగారన్నది, చుట్టూ ఉన్న వాతావరణం, ఇవన్నీ కలిసి అంకెను కదిలిస్తాయి. ఈ మూడింటినీ ఒకే గీతగా గ్రాఫు గీయకూడదు.

భాష అంకెకు అయితే చరిత్ర గీయవచ్చు, కానీ వయసు చూసుకోవాలి. 2000 దాకా అయిదేళ్లు పైబడినవాళ్లనే అడిగేవాళ్లు. 1930లో వాళ్లలో 16 శాతం మూలవాసుల భాషలు మాట్లాడారు. మూడేళ్లు పైబడినవాళ్ల లెక్కన 2010లో 6.6 శాతం, 2020లో 6.1 శాతం. శాతం తగ్గినా మనుషుల సంఖ్య 69 లక్షల నుంచి 73 లక్షలు దాటింది. "భాషలు చచ్చిపోతున్నాయి" అని ఒక్క ముక్కలో రాసేవాళ్లు ఈ రెండో సంగతి కూడా రాయాలి. ఏ భాష ఎంతమందిది అంటే నహువాత్ల్ 16.5 లక్షలతో ముందుంది, తర్వాత మాయా 7.7 లక్షలు, త్సెల్తాల్ 5.9, త్సోత్సిల్ 5.5, మిస్తెకో 5.3 లక్షలు. వాహకా రాష్ట్రంలో 31.2 శాతం, చియాపాస్‌లో 28.2 శాతం మంది ఇలాంటి భాషలు మాట్లాడతారు. స్పానిష్ అసలే రానివాళ్లు దేశం మొత్తం మీద 8.66 లక్షలు. ఆసుపత్రి, కోర్టు, బడి పనుల మీద పరిశోధన చేసేవాళ్లకు ఈ ఆఖరి అంకె చాలా ముఖ్యం. దీన్ని ఊరి స్థాయి దాకా విడిగా ఇవ్వడం ఈ సేవలో మెచ్చుకోదగ్గ విషయం.

భాషావేత్తలకు ఒక మాట. పట్టికలో "మిస్తెకో" ఒకే వరుసలో ఉంటుంది. మెక్సికో మూలవాసీ భాషల సంస్థ 2008లో ప్రచురించిన జాబితాలో మాత్రం మిస్తెకోకి 81 రూపాలు, సపోతెకోకి 62, దేశం మొత్తానికి 68 భాషా సమూహాల్లో 364 రూపాలు ఉన్నాయి. ఒక కొండ మిస్తెకో ఇంకో కొండవాళ్లకు అర్థం కాకపోవచ్చు. జనగణన అంత లోతుకు వెళ్లదు.

ఆఫ్రో మెక్సికన్ల విషయంలో 2020 జనగణనది నిజంగా పెద్ద అడుగు. 2019 ఆగస్టులో రాజ్యాంగంలోని రెండో అధికరణం సవరించి వాళ్లకు గుర్తింపు ఇచ్చారు. మరుసటి ఏడాదే జనగణనలో తొలిసారి అందరినీ అడిగారు: పూర్వీకులను, ఆచార సంప్రదాయాలను బట్టి మిమ్మల్ని ఆఫ్రో మెక్సికన్, నల్లజాతి లేదా ఆఫ్రికా సంతతి వ్యక్తిగా భావిస్తారా అని. 25,76,213 మంది అవునన్నారు, అంటే 2 శాతం. గెరెరోలో 8.6 శాతం, వాహకాలో 4.7 శాతం. ఈ రెండు రాష్ట్రాల తీరంలో ఉన్న కోస్తా చీకా ప్రాంతం వీళ్లకు పాత నెలవు. వీళ్లలో 7.4 శాతం మంది మూలవాసుల భాష కూడా మాట్లాడతారు. అంటే ఈ వర్గాలు ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. ఒకే మనిషి రెండిటికీ అవునని చెప్పవచ్చు. మూలవాసులు ఇంత, ఆఫ్రో మెక్సికన్లు ఇంత, మిగతా అంతా మెస్తీసో అని గుండ్రటి చార్టు గీస్తే మొదటికే మోసం.

మన దగ్గర ఎస్టీ అంటే రాష్ట్రాల వారీ జాబితాలో పేరున్న తెగ. లంబాడీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీలు, మహారాష్ట్రలో కాదు. మెక్సికో జనగణనలో అలాంటి జాబితా లేదు, ధ్రువపత్రం అడగరు, మనిషి చెప్పిందే రాసుకుంటారు. ఆ పద్ధతిలో వచ్చిన అంకెను మన ఎస్టీ శాతంతో నేరుగా పోల్చకూడదు.

ఇక చేతిపని. సైటులో ప్రోగ్రామాస్ అన్న మెనూలోంచి జనాభా, నివాసాల గణన 2020 పేజీకి వెళ్తే పైన వరుసగా ట్యాబులు ఉంటాయి. తబులాదోస్ అంటే తయారు పట్టికలు, ఎక్సెల్‌లో తెరుచుకుంటాయి. ఒకటి రెండు అంకెలు కావాల్సినవాళ్లకు ఇవే చాలు. పొట్టి పత్రం పట్టికలు వేరు, పొడుగు పత్రం పట్టికలు వేరుగా ఉంటాయి, శీర్షిక చూసి తెరవాలి. పొడుగు పత్రం పట్టికల్లో అంచనాతోపాటు దాని నమ్మకం ఎంతో రంగుల్లో చూపిస్తారు. విచలన గుణకం, అంటే అంచనా ఎంత శాతం అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే కొలత, 15 లోపుంటే గట్టి అంకె, 15 నుంచి 30 అయితే జాగ్రత్తగా వాడాలి, 30 దాటితే దాన్ని వాక్యంలో పెట్టకపోవడమే మంచిది. చిన్న మునిసిపియోల దగ్గర ఈ రంగు చూడకుండా అంకె ఎత్తుకోవడం అతి మామూలు తప్పు.

ఊరి స్థాయి సమాచారం కావాలంటే దాతోస్ అబియెర్తోస్ ట్యాబులో ఇతేర్ (ITER) అనే ఫైలుంది. జిప్ దింపి విప్పితే ఫోల్డర్లు వస్తాయి: అసలు డేటా ఒకదాంట్లో, నిలువు వరుసల పేర్ల నిఘంటువు ఇంకోదాంట్లో. ఎక్సెల్‌లో ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవకండి. అలా తెరిస్తే స్పానిష్ అక్షరాలు చెడిపోయే అవకాశం ఉంది, కోడ్ల ముందున్న సున్నాలైతే ఎగిరిపోతాయి. డేటా మెనూలో "ఫ్రమ్ టెక్స్ట్" ద్వారా తెచ్చుకుని, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 (65001) ఎంచుకుని, రాష్ట్రం, మునిసిపియో, ఊరు అనే మూడు కోడ్ల వరుసలనూ టెక్స్ట్‌గా పెట్టాలి. రాష్ట్రానికి 2 అంకెలు, మునిసిపియోకు 3, ఊరికి 4. మూడూ కలిపితే తొమ్మిది అంకెల కోడ్. అగ్వాస్‌కాలియెంతెస్ 01, వాహకా 20. సున్నా పోయి 01 కాస్తా 1 అయితే మ్యాపు ఫైలుతో కలపబోయినప్పుడు మొదటి తొమ్మిది రాష్ట్రాలూ ఖాళీగా వస్తాయి.

దేశం మొత్తం ఫైల్లో రెండు లక్షలకు కాస్త తక్కువ వరుసలుంటాయి, ఎక్సెల్ పరిమితిలోనే. కానీ అందులో ఊళ్లతోపాటు మొత్తాల వరుసలూ కలిసి ఉంటాయి. రాష్ట్రం కోడ్ 00 అంటే దేశం మొత్తం, మునిసిపియో 000 అంటే రాష్ట్రం మొత్తం, ఊరి కోడ్ 0000 అంటే మునిసిపియో మొత్తం. జనాభా వరుసను కళ్లు మూసుకుని కూడితే 50 కోట్లు దాటుతుంది. ఒకే జనాన్ని నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు. మొత్తాలు తీసేశాక కూడా ఇంకో రెండు వరుసలు మిగులుతాయి: 9998, 9999. ఒకే ఇల్లున్న ఊళ్లను, రెండే ఇళ్లున్న ఊళ్లను కలిపిన మొత్తాలవి. ఆ ఊళ్లకు విడి వరుసల్లో జనాభా ఉంటుంది గానీ భాష, మతం లాంటి వివరాల దగ్గర గోప్యత కోసం నక్షత్రం గుర్తు పెడతారు. కాబట్టి జనాభా కూడేటప్పుడు 9998, 9999 తీసేయాలి. భాష కూడేటప్పుడు ఉంచాలి. నక్షత్రాలను సున్నాగా మార్చడం వల్ల కొండ ప్రాంతాల్లో చెదురుమదురుగా ఉండే కుటుంబాలు లెక్కలోంచి మాయమవుతాయి. మూలవాసులు ఎక్కువగా ఉండేది అలాంటిచోట్లే కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు. మునిసిపియో స్థాయి చాలనుకుంటే ఊళ్లు కూడే పని పెట్టుకోకుండా, ఊరి కోడ్ 0000 ఉండి మునిసిపియో కోడ్ 000 కాని వరుసలు మాత్రం వడగట్టుకోండి.

మైక్రోదాతోస్ ట్యాబులో పొడుగు పత్రంలోని విడివిడి మనుషుల రికార్డులుంటాయి, పేర్లు లేకుండా. మూలవాసీ గుర్తింపును చదువుతోనో వలసతోనో కలిపి చూడాలంటే ఇవే దిక్కు. దేశం మొత్తం కోటిన్నర వరుసల దాకా ఉంటాయి, ఎక్సెల్ మోయలేదు. ఆర్ (R) లేదా పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష కావాలి, లేదంటే ఒక్కో రాష్ట్రం ఫైలు తీసుకోవాలి. ప్రతి రికార్డుకూ "ఫాక్తోర్" అనే బరువు, అంటే ఆ రికార్డు ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె, ఉంటుంది. వరుసలు లెక్కపెట్టి శాతం తీస్తే తప్పు, బరువులు కూడి తీయాలి. పొరపాటు హద్దులు లెక్కించేటప్పుడు స్తరం (నమూనా తీయడానికి విడదీసిన వర్గం), నమూనా యూనిట్ అనే నిలువు వరుసలనూ వాడాలి. బరువుల మొత్తం 12,60,14,024కి సరిపోలేదని కంగారు పడక్కర్లేదు. హాస్టళ్లు, జైళ్ల వంటి సామూహిక నివాసాలు ఈ నమూనాలో లేవు.

మ్యాపు మీద చూడాలనుకునేవాళ్లకు సిన్సె (SCINCE) 2020 అనే పనిముట్టు వీధి బ్లాకు స్థాయి దాకా చూపిస్తుంది. ఫోనులో కాకుండా కంప్యూటర్లో వాడితేనే సుఖం.

విదేశాల్లో పుట్టినవాళ్ల లెక్కలో ఒక వరుస పేరు చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఇతేర్ ఫైల్లో "ఇంకోచోట పుట్టినవాళ్లు" అని కనిపించేది ఇంకో దేశంలో పుట్టినవాళ్లు కాదు, మెక్సికోలోనే ఇంకో రాష్ట్రంలో పుట్టినవాళ్లు. విదేశాల్లో పుట్టినవాళ్ల కోసం వలసల పట్టిక తెరవాలి. అక్కడ 12 లక్షల చిల్లర మంది ఉన్నారు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టారు. వాళ్లంతా అమెరికన్ రిటైర్డ్ ఉద్యోగులనుకుంటే పొరపాటు. అమెరికాలో ఉండి తిరిగొచ్చిన మెక్సికన్ తల్లిదండ్రుల పిల్లలే అందులో పెద్ద సంఖ్య. పుట్టిన దేశాన్ని పౌరసత్వంగా రాయకూడదు.

లోపాలూ ఉన్నాయి. ఇంగ్లిష్ పేజీలు ఉన్నా పైపైన సరిపెట్టారు, నిఘంటువులు, పట్టికలు స్పానిష్‌లోనే. బ్రౌజర్ అనువాదం పెడితే మెనూల వరకు పనికొస్తుంది, పట్టికల్లో ఊరి పేర్లను కూడా అనువదించేస్తుంది కాబట్టి అక్కడ ఆపేయాలి. కరోనా మొదలైన నెలలోనే లెక్క సాగింది. మనుషుల వివరాలు దొరకని ఇళ్లకు జనాభాను అంచనా వేసి కలిపారు. దాన్ని దాచకుండా నిఘంటువులో రాశారు, అది మెచ్చుకోవాలి.

దొకుమెంతాసియోన్ ట్యాబులో రెండు ప్రశ్నాపత్రాలూ పీడీఎఫ్‌గా ఉన్నాయి. ఏ అంకె తీసుకున్నా ముందు దాని ప్రశ్నను అందులో వెతికి, ఎన్నేళ్లు పైబడినవాళ్లను అడిగారో చూసి, ఆ రెండూ అంకె పక్కనే రాసుకోండి.